నీళ్ల వణుకు కొలిచే పని

విడపనకల్లు నుంచి శైలజ అనే అమ్మాయి పోయిన నెల ధర్మవరంలో మా ఇంటికి వచ్చింది. సముద్రాన్ని కొలిచే ఉద్యోగం వచ్చిందట. నేను ఆ పని చేసి రిటైరై ఇక్కడ ఉన్నానని ఎవరో చెప్తే బస్సెక్కి వచ్చేసింది. నేను కాఫీ తెచ్చేలోపే అడిగేసింది.

"మేడం, పడవ మీద వాంతులు ఎన్నాళ్లకు నిలుస్తాయి?"

"నాకైతే రిటైరైనాక నిలిచినాయి" అన్నాను.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "మా ఊళ్లో అందరూ నవ్వుతాండారు మేడం. తాగేనీళ్లకు ట్యాంకరు ఎదురు జూసేవాళ్లం మనం, మనకు సముద్రమేంది అంటాండారు."

నన్నూ అట్లాగే నవ్వారు. ఆ నవ్వేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. శైలజలాంటి వాళ్లకోసం మాత్రం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, టూరు బిల్లుల సంగతి ఇందులో ఉండవు. అవి ఏ ఆఫీసులోనైనా ఒకే తీరు, ఒకే ఏడుపు.

నాయన అడిగిన ప్రశ్న

నేను పుట్టింది మగ్గం ఉన్న ఇంట్లో. నాయన చేయి తిరిగిన నేతగాడు. ఆయన పట్టుచీరలు నేస్తుంటే అమ్మా నేనూ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవాళ్లం. నీళ్లంటే మాకు తెలిసిన కొలత బిందె ఒక్కటే. అనంతపురంలో ఫిజిక్స్ చదివాను. సముద్రాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో, విశాఖపట్నంలో, పని దొరికింది. అప్పటిదాకా సముద్రాన్ని క్యాలెండర్లో చూడ్డమే.

నన్ను రైలెక్కించడానికి వచ్చిన నాయన ప్లాట్‌ఫారం మీద అడిగాడు.

"నీళ్లలో ఏం కొలుస్తావు పాపా? లోతా?"

"లోతు కాదు నాయనా. నీళ్లు లోపల ఎట్ల కదుల్తాయో కొలవాలంట."

"కదిలేది కంటికి కనపడతాదే. దానికి మళ్లా కొలత ఏంటికి?"

రైలొచ్చింది కాబట్టి బతికిపోయాను. సెలవులకు వచ్చినప్పుడల్లా మళ్లీ అడిగేవాడు. నేను కాగితం మీద బొమ్మలు గీసి చెప్పేదాన్ని. ఆయన తల ఊపేవాడు. ధర కుదరని షావుకారు మాటలకు ఊపే తల అది. అందులో ఒప్పుకోలు ఉండదు.

ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇచ్చేసరికి నాకు సగం సర్వీసు అయిపోయింది. అప్పటికి నాయన చేతులు వణుకు వచ్చి మగ్గానికి దూరమయ్యాయి. దాంతో ఆయన మనుషులకు కూడా దూరమయ్యాడు. ఆ మనిషి మళ్లీ నలుగురిలో కూర్చుని ఒక ముద్ద తింటాడా లేదా అన్నదే ఆ రోజుల్లో నా దిగులు. పని గురించి చెప్తూ చెప్తూ ఆ దిగులు దగ్గరికి వస్తాను.

సముద్రాన్ని ఎవరు కలుపుతారు

శింగనమల చెరువు నిండిన ఏడు అందులో దిగిన వాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. పైన నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, కాళ్ల దగ్గర చల్లగా తగులుతాయి. ఒకే చెరువులో రెండు రకాల నీళ్లు, ఒకదాని మీద ఒకటి. తీరం దగ్గర సముద్రం కూడా అంతే. వానాకాలంలో నదులు తెచ్చి పోసిన మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీళ్ల మీద మూతలాగా పరుచుకుంటాయి. మూత గట్టిగా పడితే పై గాలి కిందికి దిగదు, కింది సారం పైకి రాదు. అడుగున ఉన్న చేపలకు ఊపిరాడదు. పైన ఉన్నవాటికి మేత ఉండదు.

టీలో చక్కెర వేసి కలపకపోతే అడుగునే ఉండిపోతుంది కదా. మరి సముద్రాన్ని ఎవరు కలుపుతారు? గాలి, ఆటుపోటు, ప్రవాహాలు. అవి పెద్ద సుడులు లేపుతాయి. పెద్ద సుడి విరిగి చిన్న సుడులవుతుంది, అవి విరిగి ఇంకా చిన్నవి. చివరికి గోరంత సుడులై అక్కడితో అణగిపోతాయి. నిజంగా కలిసేది అక్కడే. ఆ గోరంత సుడుల జోరు తెలిస్తే మూత ఎంత గట్టిదో, ఎప్పుడు విడుతుందో చెప్పొచ్చు. వాటిని కొలవడమే నా ఉద్యోగం. మా మొదటి బాసు మూర్తి గారు దీన్ని నీళ్ల వణుకు అనేవారు. నాకూ ఆ మాటే నిలిచిపోయింది.

కొలిచే పరికరం మనిషంత పొడవున్న సన్నటి తెల్ల గొట్టం. పడవ వాళ్లు దానికి పొట్లకాయ అని పేరు పెట్టారు. ముక్కు దగ్గర సూదుల్లాంటి పరికరాలు ఉంటాయి. ఒకటి నీళ్ల వేడి చూస్తుంది, ఒకటి ఉప్పు చూస్తుంది, ఇంకొకటి పక్కనుంచి తగిలే అతి చిన్న తోపుల్ని పసిగడుతుంది. తోక దగ్గర చీపురు కుచ్చులాంటిది ఉంటుంది, పడేటప్పుడు తూలకుండా. వెనక ఒక సన్నటి తాడు. ఆ తాడులోనే తీగ ఉంటుంది కాబట్టి పొట్లకాయ దిగుతుండగానే పడవ మీద కంప్యూటర్ తెరలో గీత వస్తుంది. ఒకసారి నీళ్లలోకి వదిలి పైకి తీస్తే అది ఒక దింపు.

ఈ పనిలో ఒకటే కట్టుబాటు. పొట్లకాయ తనంతట తాను పడాలి. తాడు వదులుగా, నీళ్ల మీద మెలికలు తిరిగి పడి ఉండాలి. తాడు బిగిసిందంటే పడవ కుదుపు, చేతి కుదుపు అన్నీ దాని వెంట దిగిపోయి ఆ సూదులకు తగులుతాయి. అప్పుడు మనం కొలిచేది సముద్రాన్ని కాదు, మనల్నే. అలాగని మరీ వదిలేసి కూర్చుంటే ముక్కు అడుగు బురదలో గుచ్చుకుంటుంది. ఇక కొత్త సూదులు వచ్చేదాకా నెలలు నెలలు ఒడ్డున గోళ్లు గిల్లుకోవడమే.

మూర్తి గారు నా చేతులు చూశారు

మూర్తి గారిది కాకినాడ వైపు. మెల్లగా మాట్లాడేవారు. ఆయన కోప్పడగా నేను వినలేదు. కోప్పడితే బాగుండునే అనిపించిన రోజులు మాత్రం ఉన్నాయి.

కొత్తలో నన్ను తాడు దగ్గర నిలబెట్టారు. నేను పట్టుకున్న ప్రతి దింపులోనూ తెర మీద గీత దువ్వెన పళ్లలాగా వచ్చేది. సూదులు మార్చారు. బ్యాటరీ మార్చారు. ఇంజన్ ఆపించారు. పళ్లు పోలేదు. ఇంకొకరు పట్టుకుంటే గీత చక్కగా ఉంది. నేను పట్టుకుంటే మళ్లీ దువ్వెన.

తాడు చేతకానివాళ్లను ఒడ్డున గదిలో సూదులు కడిగే పనికి వేస్తారు. అప్పట్లో ఆడపిల్లల్ని ఎలాగూ అక్కడే వేసేవారు. నన్ను పడవ ఎక్కించడమే కొందరికి గిట్టలేదు. వాళ్లు ఎదురుచూసే సాకు నేనే అందిస్తున్నాను.

ఆ రోజు మూర్తి గారు తెర వదిలేసి నా పక్కన నిలబడి నా చేతులు చూశారు. చాలాసేపు చూసి అడిగారు.

"మీ ఇంట్లో ఏం పని చేస్తారమ్మా?"

"మగ్గం సార్. పట్టుచీరలు."

"పోగు వదులైతే మీ నాన్నగారు ఊరుకుంటారా?"

"ఊరుకోడు సార్. వేళ్ల మీద ఒకటి వేస్తాడు."

ఆయన కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "అదమ్మా సంగతి. సూదులదేం తప్పు లేదు. నువ్వు పొట్లకాయని మగ్గానికి కడుతున్నావు."

నిజమే. నాకు తెలియకుండానే నా వేళ్లు వదులైన తాడును బిగువుకు లాక్కుంటున్నాయి. నేత ఇంట్లో పుట్టినవాళ్లకు జారిన పోగు కంటబడితే చేయి ఊరుకోదు. మా ధర్మవరం పిల్ల ఎవరైనా ఈ తప్పే చేస్తుంది.

తర్వాత కొన్నాళ్లు పొద్దున్నే నన్ను జెట్టీ మీదికి రమ్మన్నారు. తాడుకు ఇనుప ముక్క కట్టి నీళ్లలోకి వదలమనేవారు. "చెయ్యి వైపు చూడకు. ఏదో ఒకటి చెప్తూ ఉండు. నోటికి పనుంటే చేతులు పట్టుదల మానేస్తాయి" అనేవారు. నాకు చెప్పడానికి ఏముంది, మా ఇంటి సంగతులే చెప్పేదాన్ని. అద్దకం రోజున వాకిలంతా రంగు నీళ్లు పారడం, పడుగు చుట్టేటప్పుడు ఇరుగుపొరుగు వచ్చి ఒక చెయ్యి వేయడం, కండె సరిగ్గా చుట్టకపోతే నాయన మాటలు మానేయడం. ఆయన వింటూ సముద్రం వైపు చూసేవారు. ఒక రోజు మధ్యలో ఆపి, "రేపు పడవకి టిఫిన్ తినకుండా రా, ఊపు ఎక్కువ ఉంటుంది" అన్నారు. తాడు పట్టడం నాకు వచ్చేసిందని ఆయన చెప్పడం అంతవరకే.

పరికరాన్ని అనుమానించే బాసులు చాలామంది దొరుకుతారు. మనిషిని అనుమానించేవాళ్లు ఇంకా ఎక్కువ దొరుకుతారు. ఆ మనిషి చేతులు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగేవాళ్లు దొరికితే వాళ్లను వదులుకోవద్దు.

అందమైన గీతలు

మూర్తి గారి తర్వాత వచ్చినాయన పేరు రాయను. చెడ్డ మనిషి కాదు, అందం పిచ్చి మనిషి. గీతలు నున్నగా ఉండాలి. ముళ్లు ముళ్లుగా వచ్చిన దింపు కనిపిస్తే చాలు, "తీసేయండి, తీసేయండి" అనేవారు. ఏదో వంటలో కరివేపాకు ఏరినట్టు ఏరి పారేయమనేవారు.

మూర్తి గారు నేర్పింది వేరు. పాడైన దింపును కొట్టేయకూడదు. ఎందుకు పాడైందో, తాడు ఎవరి చేతిలో ఉందో రాసి పక్కన పెట్టాలి. నేను పాతాయన మాటే విన్నాను. కొత్తాయన ముఖం మాడ్చుకున్నారు. అలా కొన్నాళ్లు మా మధ్య మాటలు తక్కువగా నడిచాయి.

ఒకసారి వరద తగ్గాక నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కొలిస్తే గీత మధ్యలో ఒకచోట ముళ్లపొద లేచింది. సూది పోయిందన్నారాయన. నేను తీసేయలేదు. సూది మార్చి మళ్లీ వదిలాం, మళ్లీ అక్కడే ముళ్లపొద. మంచినీళ్లు, ఉప్పునీళ్లు కలిసేచోట బెత్తెడు మందంలో సముద్రం కుతకుతలాడుతోంది. మేము ఆ ఊళ్లకూ ఈ ఊళ్లకూ తిరిగింది దానికోసమే. ఆయన ఆ రోజు నాకు స్వయంగా టీ తెచ్చి ఇచ్చారు. నేను తాగేశాను.

సిగ్గుపడకుండా చెప్పాల్సినవి

ఇక వాంతులు. శైలజా, అవి తగ్గవమ్మా. పేగులు నోట్లోకి వచ్చినట్టు ఉంటుంది. దానికి భయపడి మానేయకు. నేను బకెట్ పక్కన పెట్టుకునే సర్వీసంతా చేశాను. మా పడవ నడిపే సింహాచలం నా బకెట్‌కి నల్ల పెయింట్‌తో నా పేరు రాసి పెట్టాడు. "మేడమ్ గారి కుర్చీ లేకపోయినా పరవానేదు, ఇది మాత్రం ఉండాల" అనేవాడు. సింహాచలం భీమిలి వైపు మనిషి, చేపల వేట మానుకుని మాకు పడవ బాడుగకు తిప్పేవాడు. నోరు తెరిస్తే వేళాకోళమే.

ఇంకొకటి. మొదట్లో మేము తీసుకున్న పడవల్లో మరుగుదొడ్డి ఉండేది కాదు. నేను తెల్లారి నుంచి నీళ్లు తాగకుండా ఎక్కేదాన్ని. చుట్టూ అంత నీళ్లు పెట్టుకుని గొంతు ఎండబెట్టుకుని కూర్చునేదాన్ని. దాహం ఓర్చుకోవడం మన సీమ వాళ్లకు కొత్త కాదని గొప్పలు పోయాను. చివరికి కిడ్నీలో రాయి తేలింది. అది గొప్ప కాదు, తెలివితక్కువతనం. మరుగుదొడ్డి లేని పడవ ఎక్కనని మొదటి రోజే గట్టిగా చెప్పు. నీ తర్వాత వచ్చే పిల్లలు నీ పేరు చెప్పుకుంటారు.

తువ్వాలు కింద చేతులు

ఒక రోజు అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాయన పెండ్లికి పోయి అన్నం తినకుండా వచ్చినాడు పద్మా. చేయి వణుకుతాదని నలుగురిలో కూచోడు. ఇంట్లో గూడా తలుపేసుకోని తింటాండాడు. నాకే కనపడనీడు."

అప్పటికి ఆయన మగ్గం దిగి కొంతకాలమైంది. వణికే చేతిలో పోగు విసిరే నాడె నిలవదు, పట్టుపోగు అసలే నిలవదు. ఒక తువ్వాలు తెచ్చుకుని చేతుల మీద కప్పుకోవడం మొదలుపెట్టాడు.

నేను పోయి విశాఖకు తీసుకొచ్చాను. డాక్టర్ మాత్రలు రాసిచ్చారు, వణుకు కొంచెం తగ్గుతుంది గానీ పోదన్నారు. నాయన విన్నాడు. ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని చేతులు తువ్వాలు కింద పెట్టుకున్నాడు. కంచం ముందు పెడితే, "నువ్వు ఆఫీసుకు పో, నేను తింటాలే" అనేవాడు. నేను తలుపు దాటిన తర్వాతే తినేవాడు. ఎన్ని పట్టుచీరలు ఆ చేతుల మీదుగా పోయాయో. ఎవరెవరి పెళ్లిళ్లకో పోయాయి. ఆ చేతులతో ఆయన కూతురి ఎదుట ఒక ముద్ద తినలేకపోతున్నాడు. నాకు ఏడుపొచ్చేది. పడవ మీద కూడా ముఖం అలాగే పెట్టుకుని ఉంటే సింహాచలం పట్టేశాడు.

"ఏటమ్మా, ఆ మొకం అలాగుంది? బకెట్ తేనా?"

చెప్పాను. అతను ఇంజన్ వైపు చూపించి అన్నాడు.

"ఓసారి పెద్దాయన్ని పడవ మీదికి తీసుకురండి. మా పడవ మీద వణక్కుండా ఉండే సెయ్యి ఎవులికున్నాది?"

వేళాకోళం అనుకున్నాను. ఇంటికి పోయాక ఆ మాట వదల్లేదు. రిపేరుకు పోయిన పొట్లకాయ అప్పుడే తిరిగొచ్చింది. బాడుగ పడవలో తీరం దగ్గరే వదిలి సరిచూసుకోవాలి. సముద్రం నిమ్మళంగా ఉండే రోజు చూసి నాయనను అడిగాను.

"సముద్రం జూసే వయసా నాది?" అన్నాడు.

"సముద్రం జూడొద్దు. నా పని జూడు. ఇన్నేండ్ల నుంచి అడుగుతాండావు గదా."

ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

తాడు నాయన చేతిలో

సింహాచలం పడవలో పాత డీజిల్ ఇంజన్. అది తిరుగుతుంటే పలకలు, బల్లలు, మన పళ్లు కూడా అదురుతాయి. తీరం దాటాక ఫ్లాస్కులో టీ తీశారు. స్టీలు గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చారు. సింహాచలం గ్లాసు గడగడలాడి టీ చొక్కా మీద పడింది. తిట్టుకుని మిగిలింది తాగాడు. నా సహాయకురాలు సునీత గ్లాసూ అంతే. నాదీ అంతే.

నాయన ఒక్కొక్కరి గ్లాసే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాలు పక్కన పెట్టి రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు. సగం పంచె మీద ఒలికింది. ఎవరూ ఆయన వైపు చూడలేదు, ఎవరి ఒలికింది వాళ్లకు ఉంది.

"టీ బాగుండాది" అన్నాడు.

నేను ముఖం సముద్రం వైపు తిప్పుకున్నాను. కళ్లు తుడుచుకోవడానికి అక్కడ మంచి సాకు ఉంది, ఉప్పుగాలి.

ఇంజన్ ఆపేశాం. సునీత పొట్లకాయను నీళ్లలోకి దింపింది. రెండు దింపులు సరిగ్గా వచ్చాయి. నాయన నా వెనకే నిలబడి తెర చూశాడు, తాడు చూశాడు. తాడు వదులుగా నీళ్ల మీద తేలడం ఆయన కంటికి నచ్చలేదని ముఖంలోనే కనిపించింది.

"నేను పట్టుకోనా?" అన్నాడు.

"పట్టుకో నాయనా. బిగించగూడదు, వదులుగా పోనీయాల."

"నాకు నేర్పిస్తాండావా?" అని తాడు అందుకున్నాడు.

పొట్లకాయ దిగడం మొదలైంది. అంతే, ఆయన వేళ్లు బిగుసుకున్నాయి. నేను తెర చూశాను. దువ్వెన పళ్లు. కానీ నా పాత దువ్వెన కాదు. ఒకదాని పక్కన ఒకటి, సమంగా, ఒకే ఎడంతో వస్తున్న పళ్లు. ఆ లయ నాకు తెలుసు. తలుపు అవతల నిలబడి, కంచం అంచుకు ఆయన వేళ్లు తగిలే చప్పుడులో విన్నాను. సునీత తాడు తీసుకోబోయింది. నేను ఆమె చేయి పట్టుకుని ఆపాను.

"ఏం కనపడతాండాది పాపా?" అన్నాడు నాయన.

"నీ చేయి, నాయనా."

మెడ తిప్పి తెర వైపు చూశాడు.

"నీళ్లలో ఏం కొలుస్తావని అడుగుతాంటివే. ఇదే. కంటికి కనపడని వణుకు. నువ్వు తాడు బిగించినావు. నీ వణుకు తాడెంబడి దిగిపోయి ఆడ సూదికి తగుల్తాండాది. ఇది సముద్రానిది కాదు, నీది."

ఆయన చేతులు దాచుకుంటాడనుకున్నాను. దాచుకోలేదు. తెరనే చూస్తున్నాడు. అన్నాళ్లూ ఎవరి కంటా పడనీయని చేతిని మా అందరి మధ్య నిలబడి చూసుకున్నాడు.

"అంత లోతుకు పోయినాదా?"

"పోయినాది."

"మరి సముద్రందేదీ?"

"నువ్వు వదిల్తే కనపడతాది."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పోగును వదులు కానీయని మనిషి. తన వేళ్ల వైపు ఒకసారి చూసుకున్నాడు. మెల్లగా, ఒక్కొక్క వేలే విప్పాడు. తాడు జారి నీళ్ల మీద మెలికలుగా పడింది. తెర మీద పళ్లు ఆగిపోయాయి. గీత నిమ్మళమైంది. ఆ నిమ్మళంలోంచి సన్నటి, ఎగుడుదిగుడు వణుకు ఒకటి పైకి వచ్చింది.

"ఇంత సన్నమా" అన్నాడు నాయన. "దీనికి కొలత కావల్సిందే."

నాకు దొరికిన మెప్పులన్నింటిలో అది పెద్దది. మిగతావి కాగితాల మీద ఉన్నాయి, ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

మధ్యాహ్నం పడవలోనే అన్నాలు. నేను పెరుగన్నం కట్టుకొచ్చాను. నాయన అందరితో పాటు పలక మీద కూర్చున్నాడు. నోటి దగ్గరికి పోతున్న ముద్దలోంచి మెతుకులు పడవ అంచు మీద, నీళ్లలో పడ్డాయి.

"పెద్దయ్యా, సేపలకి కూడా పెడతన్నారా? మంచిదే, రేపు వలకి తొందరగా వస్తాయి" అన్నాడు సింహాచలం.

నాయన పొలమారేదాకా నవ్వాడు. నవ్వు తగ్గాక ఇంకొంచెం పెరుగన్నం పెట్టించుకున్నాడు.

ఆయన ధర్మవరం తిరిగొచ్చాక అమ్మ ఫోన్ చేసింది. "ఏం జేసి పంపిస్తివి ఆయప్పను? బయట అరుగు మీద కూచోని అందరి ముందర టీ తాగుతాండాడు. సగం గుడ్డల మీదనే. ఎవరన్నా జూస్తే, నా చేయి సముద్రం లోపలికి పోయొచ్చిందప్పా అని చెప్తాండాడు."

నాయన పోయి కొన్నేళ్లయింది. ఆఖరిదాకా ఆయన అన్నం తినేటప్పుడు తలుపు వేసుకోలేదు. ఆ దింపును నేను కొట్టేయలేదు. పాడైంది అని రాశాను. కారణం, తాడు బిగువు. తాడు పట్టుకున్నవారు అన్నచోట నాయన పేరు రాశాను. ఏ లెక్కకూ పనికిరాదు అది. రిటైరయ్యేటప్పుడు అడిగి ఒక కాపీ తెచ్చుకున్నాను.

శైలజ వచ్చిన రోజు మాటల మధ్యలో ల్యాప్‌టాప్ తెరిచి దాన్ని చూపించాను. ఆ పిల్ల చదువుకున్నదే కదా, చూడగానే పట్టుకుంది.

"మేడం, ఇది పాడైన దింపు గదా. ఇంకా పెట్టుకోనుండారే?"

సంగతంతా చెప్పాను. ఆ పిల్ల మొదటి నుంచి ఒక్కొక్క పన్నే చూసుకుంటూ కిందికి జరిపింది. నాయన వేళ్లు విప్పిన చోటు వచ్చింది. గీత నిమ్మళించింది. ఇంకా కిందికి జరపబోతుంటే, అక్కడ కొంచెంసేపు ఆపమ్మా అన్నాను.